చంద్రిక మేడం కంట్రోల్ ఊరు

మెదక్,
17 జూలై 2011

మహా ఘనత వహించిన, ఎమ్మెస్సీ నర్సింగు పట్టభద్రురాలైన, సికింద్రాబాదు కాలేజిల లెక్చరరైన, మా పెద్దమ్మ కూతురైన సుమన అక్క సముఖమునకు, మెదక్ నర్సింగ్ స్కూల్ల నాలుగేండ్ల సంది ట్యూటరుగనే ఉండిపోయిన తమ్ముడు జోయెల్ సవినయంగా విన్నవించునది.

చేతిల ఫోన్ వెట్టుకొని ఉత్తరమేందిరా అంటవు. ఫోన్ల అయితే నా గొంతుల కుళ్ళు నీకు ఇనబడ్తది. కాయితం మీద అదే కుళ్ళు జర మర్యాదగ కనబడ్తది. అందుకని ఈ వ్యవహారం తేలేదాక మన నడుమ తపాలా శాఖనే ఉండాలె. నువ్వు గూడ ఉత్తరమే రాయి.

వ్యవహారమేందంటే, మా మేనేజ్‌మెంటోళ్లు వచ్చే ఏడు ఒక్క ట్యూటరుకు జీతమిచ్చుకుంట ఎమ్మెస్సీ చదివిస్తరట. ఒక్కలకే. ఎమ్మెస్సీ లేకుంటే జన్మంత ట్యూటరుగిరే అని నీకు నేను చెప్పాల్నా. డిసెంబర్ల రాష్ట్ర సదస్సు అయినంక సీటు ఎవరిదో తేలుస్తరు. పరిశోధన చేసి సదస్సుల చదివినోళ్లకు ఫస్టు. ఎవ్వరు చదువకుంటే సర్వీసు లెక్క. సర్వీసు లెక్కయితే నేనే. నడుమల చంద్రిక మేడం ఉంది.

చంద్రిక మేడం అంటే ఎల్దుర్తి పిల్ల. నిరుడు చేరింది. చేరిన మూడో నెలకే ఏదో పత్రికల పేపరు అచ్చేయించింది. ఐదో నెలకు పోస్టర్ పోటీల ఫస్టు ప్రైజు. మా ప్రిన్సిపల్ మేడం ఆఫీసు బయట ఒక బోర్డు వెట్టించింది. దాని మీద 'అధ్యాపకుల పరిశోధనలు, విజయాలు' అని ఎర్ర అక్షరాలు. చంద్రిక మేడం పేరు కింద ఎన్ని లైన్లు ఉన్నయో నేను లెక్కవెట్టలే, లెక్కవెడ్తే బీపీ వస్తది. నా పేరు కింద ఒకటే లైను. 'రక్తదాన శిబిరంలో పాల్గొనుట.' నేను రక్తమిచ్చిన అక్కా. ఆమె ఇచ్చింది కాయితం. రెండిట్ల ఏది గొప్పదో నువ్వే చెప్పు.

పోనీ గర్వం చూపిస్తదా అంటే అదీ లేదు. స్టాఫ్ రూముల తలకాయ వంచుకొని కూసుంటది. 'నమస్తే సార్' అంటది, అంతే. నేను జోకేస్తే అందరు నవ్వుతరు, ఆమె మాత్రం నవ్వాల్నా వద్దా అని ఆలోచిస్తది. ఓర్వలేనితనానికి ఇంకేం కావాలె.

ఇప్పుడు కొత్తది మొదలువెట్టింది. పిల్లలకు విరేచనాలైతే తల్లులు నీళ్లు బంద్ వెడ్తరు గదా. గట్ల చెయ్యొద్దు, ఉప్పు చక్కెర నీళ్లు తాపాలె అని బొమ్మల కార్డులు చూపించి నేర్పుతదట. శంకరంపేట దిక్కు ఒక ఊర్ల. ఆ కార్డుల బొమ్మలు గూడ ఆమెనే గీసింది, రంగులేసి. మంచిగున్నయి. అదే నా బాధ.

నాకొక టాపిక్కు చెప్పు. చంద్రిక మేడం చూసి అన్నం తినుడు మర్చిపోయే టాపిక్కు కావాలె.

నీ తమ్ముడు,
జోయెల్


సికింద్రాబాదు,
9 ఆగస్టు 2011

తమ్మీ జోయెల్,

నీ ఉత్తరం చదివి నవ్విన. తర్వాత రెండోసారి చదివిన, అప్పుడు అంత నవ్వు రాలే.

రెండు పేజీలల్ల చంద్రిక పేరు ఎన్నిసార్లు రాసినవో చూసుకున్నవా. నీ పని గురించి రాసింది ఒకటే ముక్క, అది గూడ నాకొక టాపిక్కు చెప్పు అని. ఎదుటోళ్లకు ఆకలి చావాలని పరిశోధన చేసుడు ఎక్కడన్న ఉంటదా. నీ పిల్లలే నీ ముంగట ఉన్నరు గదా. చేతులు ఎట్ల కడుక్కుంటున్నరో చూడు. చిన్నది చెయ్యి, శుభ్రంగ చెయ్యి.

ఒక మాట మాత్రం బాగ యాది వెట్టుకో. ఆమె చేసే అసుంటి పనికి రెండు ఊర్లు కావాలె. ఒక ఊర్ల నేర్పుతరు. రెండో ఊర్ల ఏం నేర్పకుంట గట్లనే వదిలేస్తరు, దాన్నే కంట్రోల్ ఊరు అంటరు. కొన్ని నెలలైనంక రెండు ఊర్ల తల్లులను అవే ప్రశ్నలు అడిగి, తేడా ఎంతుందో చూస్తరు. ఆ తేడానే పరిశోధన. పని అయిపోయేదాక రెండో ఊరు పేరు ఎవ్వరికీ చెప్పరు. నువ్వు అడగకు. చెప్పినా ఇనకు.

ఇక్కడ నా సంగతి గూడ నీ లెక్కనే ఉంది. అసోసియేట్ ప్రొఫెసర్ ప్రమోషనుకు ఒక్క పేపరు తక్కువైంది. మా కాలేజిల ఒకామె ఉంది, ఆమెకు పేపరు అచ్చయితే స్టాఫంతటికి సమోసాలు తెప్పిస్తది. ఈ ఏడు ఆ సమోసాలు నేను మూడుసార్లు తిన్న. ఎట్ల దిగుతయో ఆ దేవునికి ఎరుక.

చిన్నమ్మను అడిగినట్టు చెప్పు. మోకాళ్ల నొప్పులకు ఆమె ఏ మందు రాస్తుందో నాకు రాయి.

సుమన అక్క


మెదక్,
2 అక్టోబరు 2011

సమోసాలు మింగిన సుమన అక్కకు సానుభూతితో,

బస్సులు లేవు. సకల జనుల సమ్మెల సర్కారు మొత్తం పడుకుంది. పక్కింటి నర్సింగం బామ్మర్ది బండి మీద సికింద్రాబాదు వస్తున్నడు, ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్న. నర్సింగం అంటే మా ఎలక్ట్రీషియన్ నర్సింగమే. ఇప్పుడు జేఏసీ లీడరు. మోటరు రిపేరుకు పిలిస్తే గూడ తెలంగాణ వచ్చినంక చూస్త అంటున్నడు.

ముందుగల నా పరిశోధన సంగతి. నువ్వు చెప్పినట్టే చేతులు కడుక్కునుడు మీద చేసిన. మా సెకండియర్ పిల్లలకు పాఠం చెప్పకముందు ఒక పరీక్ష, చెప్పినంక ఒక పరీక్ష. ముందు పరీక్షలనే అందరికి నూటికి నూరు వచ్చినయి. అక్కా, వాళ్లకు నిరుడు ఆ పాఠం చెప్పింది నేనే. ఇంటర్నల్ మార్కులు వేసేది నేనే. వాళ్లు తప్పెట్ల రాస్తరు. నూరు నుంచి నూరుకు ఎంత పెరిగింది అని ఒక గంట సేపు ఆలోచించిన, తర్వాత కాయితాలు పాతపేపరు ఆయనకు ఏసిన.

ఇప్పుడు అసలు ముచ్చట. మొన్న కౌడిపల్లి కాడ రోడ్డు మీద వంటావార్పు జరిగింది. రోడ్డు నడుమ రాళ్లు వెట్టి పొయ్యిలు, బగోన్లల్ల అన్నం పప్పు, చుట్టుముట్టు ఊర్ల ఆడోళ్లంత పిల్లలను చంకలేసుకొని వచ్చిన్రు. మా స్కూలు బందే గదా, నేను గూడ పోయిన. నర్సింగం ఉన్నట్టుండి మైకు నా చేతిల వెట్టిండు. "నర్సింగ్ స్కూల్ దిక్కెల్లి నువ్వు రెండు ముక్కలు మాట్లాడు జోయెల్ సార్" అన్నడు.

రాజకీయం నాకన్న మంచిగ మాట్లాడేటోళ్లు లైన్ల ఉన్నరు. నాకేమో చంద్రిక మేడం బొమ్మల కార్డులు యాదికొచ్చినయి. అబద్ధమెందుకు, అవి నేను ఎన్నడు యాది మరువలే. కార్డులు లేకుంట, రంగులు లేకుంట, అదే పాఠం నేను చెప్తే ఎట్లుంటదో చూద్దామనిపించింది. ఆమె ఊరు శంకరంపేట దిక్కు, నేనున్నది కౌడిపల్లిల. ఎవరికేం నష్టం.

చాయ్ కోసం తెచ్చిన చక్కెర, పప్పుల ఏసే ఉప్పు, కాగవెట్టి సల్లార్చిన నీళ్లు ముందట వెట్టుకున్న. లీటరు నీళ్లకు ఆరు చెంచల చక్కెర, అర చెంచ ఉప్పు అని చెప్పిన. "చక్కెర ఎక్కువేస్తే ఢిల్లీ మాట లెక్కయితది, నోటికి తియ్యగుంటది, కడుపుల పని చెయ్యదు. ఉప్పెక్కువేస్తే అత్త మాట లెక్కయితది, మింగలేం, కక్కలేం" అన్న.

కిష్టవ్వ అని ఒక ముసలమ్మ లేచింది. "ఏం సారూ, అత్తల మీద పడ్డవు. నీకు అత్త ఉన్నదా?"

"లేదవ్వా. ఇంక పెండ్లి కాలే."

"మరి ఉప్పు సంగతి నీకెట్ల ఎరుక?"

రోడ్డంత నవ్వింది. "రా అవ్వా, నువ్వే కలుపు" అని చెంచ ఆమెకిచ్చిన. ఆమె కలిపి, నాలుకకు రాసుకొని, "గిది కోడలు మాట లెక్కున్నది, సప్పగ" అని ఇంత ఉప్పేసింది. ఇగ చూడు, ప్రతి ఒక్కతి ముందుకొచ్చి రుచి చూసుడే. ఒకామె చంకల పిల్లగానికి గూడ తాపింది. పిల్లలకు విరేచనాలైతే నీళ్లు బంద్ వెడ్తరా అని అరిసిన. వెట్టం అని అరిసిన్రు. తెలంగాణ నినాదం కన్న గట్టిగ అరిసిన్రు అక్కా, నర్సింగం మొకం చిన్నబోయింది.

నా జన్మల అంత మంది నా మాట ఇనలే. చంద్రిక మేడం అక్కడ ఉంటే బాగుండు అనిపించింది. ఉండి, చూసి, ఎనకకు పోయి నిలబడితే ఇంక బాగుండు.

చెప్పుకోదగ్గ తమ్ముడు,
జోయెల్


సికింద్రాబాదు,
12 నవంబరు 2011

జోయెల్‌కు,

నిన్న చంద్రిక నా దగ్గరికి వచ్చింది. ఆమె పరిశోధనకు గైడును నేనే. నీ మొదటి ఉత్తరం వచ్చే వరకే నేను ఒప్పుకొని ఉన్న. నీకు చెప్పలే. చెప్తే మెల్లగ నా నోట్లకెల్లి ఊరు పేరు గుంజుతవని భయం. ఇంకొకటి గూడ ఉంది, అది రాయాల్నంటే కలం ముందుకు పోతలేదు. ఆ పేపరు అచ్చయితే అందుల రెండో పేరు నాది. నా ప్రమోషనుకు తక్కువైన పేపరు అదే.

సమ్మె అయినంక చంద్రిక రెండు ఊర్లకు పోయి తల్లులను ప్రశ్నలు అడిగింది. శంకరంపేట దిక్కు ఊర్ల, కార్డులతోని నేర్పిన ఊర్ల, మంచిగనే చెప్పిన్రు. ఏం నేర్పని ఊర్ల ఇంక మంచిగ చెప్పిన్రు. ఆ పిల్ల కాయితాలన్ని నా టేబుల్ మీద పరిచి, "నా కార్డులు దండుగైనయి మేడం, ఏం నేర్పకుంటేనే వాళ్లకు ఎక్కువ వచ్చింది" అన్నది. సదస్సు నుంచి పేరు వాపస్ తీసుకుంటనంటున్నది.

నీళ్లు ఎట్ల కలుపాలె అన్న ప్రశ్నకు ఏం చెప్పిన్రమ్మా అని అడిగిన. "ఏదో సామెతనో పాటనో మేడం, నాకు తెల్వదు. ఢిల్లీ మాట లెక్క తియ్యగ ఉండొద్దు, అత్త మాట లెక్క ఉప్పగ ఉండొద్దు అని ఒకలెనక ఒకలు అదే చెప్పిన్రు" అన్నది.

నేను మంచినీళ్లు తాగొస్తనని లేచి బయటికి పోయిన.

ఆమె కంట్రోల్ ఊరు కౌడిపల్లి పక్కనే ఉంది, జోయెల్.

ఇగ ఇను. కారణం తెల్వకుంటే ఈ పరిశోధన నిలబడదు. కారణం తెలిస్తే నిలబడ్తది. కంట్రోల్ ఊరోళ్లు ఫలానా రోజు ఫలానా మనిషి మాట ఇన్నరు, అందుకే ఇట్లయింది అని రాసుకోవచ్చు. ఆ ఫలానా మనిషివి నువ్వు. నువ్వు చెప్తే ఆమె సదస్సుకు పోతది, సీటు ఆమెకు వస్తది. చెప్పకుంటే ఆమె తప్పుకుంటది, సర్వీసు లెక్కన సీటు నీకొస్తది.

నేను చెప్ప. అందుల నా పేరుంది, అవుతలి దిక్కు నా తమ్ముడున్నడు. నేను నోరు తెరిస్తే ఎవరి కోసం తెరిచిన్నో నాకే తెల్వదు.

సుమన


మెదక్,
16 నవంబరు 2011

సుమన మేడంకు,

నీ ఉత్తరం ముట్టింది.

నేను తప్పేం చెయ్యలే. కడుపు పోతున్న పిల్లలకు నీళ్లు తాపమని చెప్పిన. అది నేరమైతే నన్ను పోలీసులకు పట్టియ్యి. కౌడిపల్లి దిక్కు ఒక ఊరంత ఏం తెల్వకుంట ఉండాలె, పిల్లలకు నీళ్లు బంద్ వెట్టాలె, ఎందుకంటే చంద్రిక మేడంకు తేడా కావాలె. గిదేం పరిశోధన. ఎవ్వరికి రేషన్ ఇయ్యని కంట్రోల్ దుకాణం లెక్కున్నది.

నీకు గణితం హోంవర్కు చూపించుకున్నది నేను. నీ సైకిల్ ఎనక కూసోని పడి తలకాయ పగలగొట్టుకున్నది నేను. ఆమెకేమో జూలై నుంచి గైడువు. నాకు ఆగస్టుల ఒక పేజీ సలహా, అందుల గూడ సగం సమోసాలు. నేను ఒక్కొక్క ఉత్తరంల కడుపుల ఉన్నదంత కక్కుకుంటుంటే, నువ్వు అన్ని చదువుకుంట ఆమె కాయితాలు దిద్దుకుంట కూసున్నవు.

స్కూల్ల అందరు ఆమె దిక్కే. ప్రిన్సిపల్ మేడం ఆమె దిక్కే. ఉన్న ఒక్క అక్క నా దిక్కు ఉంటదనుకున్న.

నాలుగేండ్లు చేసిన నేను. ఆమె వచ్చి ఏడాదిన్నర. తప్పుకుంటనంటే తప్పుకోనీ. నేను చెప్ప.

అమ్మ మోకాళ్లకు నువ్వు పంపిన మందు పని చేస్తున్నదట. అది గూడ నీకే పేరు.

జోయెల్


సికింద్రాబాదు,
22 నవంబరు 2011

తమ్మీ,

నన్ను మేడం అన్నవు. అను. నీకు చెప్పకుంట దాచినందుకు నాకు గంతనన్న పడాలె.

పిల్లలకు నీళ్లు తాపమన్నది తప్పని నేను అననే లేదు. ప్రశ్నలు అడుగుడు అయినంక చంద్రిక ఆ ఊర్ల గూడ కార్డులు చూపించి నేర్పేదుండె, అది ఆమె మొదట్లనే రాసుకుంది. ఒక ఊరును గాలికి వదిలేసే పిల్ల కాదు.

ఇప్పుడు నాకు కుళ్ళు వచ్చిన సంగతి రాస్త. నీ ఉత్తరాలల్ల మొత్తం నీదే ఉంటది, నాది గూడ జర ఉండనీ. పదకొండేండ్ల నుంచి పాఠాలు చెప్తున్న. ఎమ్మెస్సీల నేను అరవై మంది తల్లులకు ఇదే ఉప్పు చక్కెర నీళ్లు నేర్పిన, చార్టులు వెట్టి, మోడళ్లు వెట్టి. నెల తిరిగినంక పోయి అడిగితే సగంమంది నన్నే గుర్తువట్టలే. నువ్వు రోడ్డు మీద నిలబడి ఒక్కసారి చెప్తివి. నెల దాటినా నీ మాటను నీ మాటలనే చెప్పిన్రు. మంచినీళ్లు తాగొస్తనని ఆనాడు బయటికి పోయింది నీ మీద కోపంతోని అనుకుంటున్నవు. కోపం తర్వాత వచ్చింది.

చంద్రిక గురించి ఒకటి చెప్త, ఆమెను అడగకు. ఆమెకు నత్తి ఉంది. నలుగురి ముంగట మాట మొదలువెడ్తే మొదటి అక్షరం కాడనే ఆగిపోతది. అందుకే స్టాఫ్ రూముల నమస్తే సార్ కన్న ఎక్కువ మాట్లాడదు. అందుకే బొమ్మలు గీసుకుంటది, అందుకే పేపర్లు రాస్తది. నా టేబుల్ ముంగట కూసోని ఏమన్నదంటే, "మా స్కూల్ల ఒక సార్ ఉన్నడు మేడం, ఆయన నోరు తెరిస్తే పిల్లలు పుస్తకం మూసి ఇంటరు, ఆయన చేసుంటే ఈ పని మంచిగయ్యేది" అన్నది. ఆ సార్ నాకేమైతడో ఆమెకు తెల్వదు.

నేను ఇంతకు మించి రాయ. సీటు నీకొచ్చినా నువ్వు నా తమ్మునివే.

అక్క


మెదక్,
3 డిసెంబరు 2011

అక్కా,

చెప్పిన.

మా స్కూల్ల డెమాన్‌స్ట్రేషన్ రూముల మంచం మీద ఒక రబ్బరు పేషెంటు పడుకొని ఉంటది గదా, ఎన్ని సూదులు పొడిచినా ఏమనదు. మొన్న పోయేసరికి ఆ మంచం పక్కన నిలబడి చంద్రిక మేడం తన కార్డులన్ని ఒక బట్టల వెట్టి మూట కడ్తున్నది. బీరువాల పడేస్తదట.

"మేడం, కౌడిపల్లి వంటావార్పుల మైకుల మాట్లాడింది నేను" అన్న.

మూట కట్టుడు ఆపింది. నా దిక్కు చూడలే. రబ్బరు పేషెంటు దిక్కు చూసింది. "ఢి... ఢిల్లీ మాట మీదేనా సార్?"

"నాదే. అత్త మాట గూడ నాదే."

"కంట్రోల్ ఊరు ఏదో అప్పుడు మీకు తె... తెలుసా?"

"తెల్వదు. మీ ఊరు శంకరంపేట దిక్కు అనుకున్న."

"తెలిస్తే?"

అక్కా, అక్కడ మంచి మనిషి ఒకడు ఉంటే, తెలిస్తే మాట్లాడకపోతుంటి మేడం అనేటోడు. నాకు గట్ల అనబుద్ధి కాలే. "తెలిస్తే ఏమో మేడం. ఇంక గట్టిగనే మాట్లాడుతుంటినేమో. మీ కార్డుల కన్న నేను మంచిగ చెప్తనని చూపియ్యాలనే చెప్పిన" అన్న.

ఏడుస్తదేమో, తిడ్తదేమో, ప్రిన్సిపల్ మేడం దగ్గరికి ఉరుకుతదేమో అని మూడిటికి తయారుగ నిలబడ్డ. ఆమె స్టూలు గుంజుకొని కూసోని పెన్ను తీసింది. ఎంతసేపు మాట్లాడిన్రు, ఎంతమంది ఆడోళ్లు, రుచి ఎందరు చూసిన్రు, పిల్లలున్న తల్లులు ఎందరు, ఒకటే అడుగుడు. కిష్టవ్వ పేరు గూడ రాసుకుంది. నాకు ఆ రబ్బరు పేషెంటు పక్కన ఇంకొక మంచం మీద పడుకున్నట్టే ఉండె.

అన్ని రాసుకున్నంక తల ఎత్తింది. "రు... రుచి చూపిచ్చుడు నాకు తట్టలే సార్. నేను చెంచ బొమ్మ గీసిన, చెంచ ఇయ్యలే." ఆ మాట అనేటప్పుడు ఆమె మొకం చూడాల్సింది. ఆ మొకం ఎవరిదనుకుంటున్నవు. నోటీసు బోర్డు కాడ నా మొకమే.

"పేపర్ల మీ పేరు గూడ వె... వెడ్త సార్" అన్నది.

"ఎన్నోది?"

"మూడోది. మొదలు నాది, తర్వాత సుమన మేడంది."

"మా అక్క కన్న కిందనా" అని నోరు జారిన. గట్ల తెలిసిపోయింది ఆమెకు. నువ్వు నా అక్కవని. మొదటిసారి నవ్వింది, పడి పడి నవ్వింది. నేను మాత్రం మూడో పేరు ఒద్దన్న. చిన్నప్పటి నుంచి పంచిన బట్టల, పంచిన పండ్లల నీ తర్వాతే నేను. అచ్చుల గూడనా.

పోయేటప్పుడు మూట విప్పి కార్డులు మల్ల సంచిల వెట్టుకుంది. సీటు సంగతి ఇద్దరం ఎత్తలే.

నీ తమ్ముడు,
జోయెల్


సికింద్రాబాదు,
20 డిసెంబరు 2011

తమ్మీ,

సదస్సుల చంద్రిక చదివింది. మొదట్ల మూడు లైన్ల దాక నేను కూసున్న కుర్చీ చేతులు గట్టిగ పట్టుకున్న. మాట ఆగుతున్నది, హాలంత అవుతలికి ఇవుతలికి చూస్తున్నది. నీ ఢిల్లీ మాట, అత్త మాట కాడికి వచ్చింది. అది మాత్రం ఎక్కడ ఆగకుంట చెప్పింది. ఇంటి దగ్గర ఎన్నిసార్లు అనుకున్నదో. హాలు మొత్తం నవ్వింది, ఇగ తర్వాత ఆమె ఆగలే.

కంట్రోల్ ఊరు ఎట్ల చెడిపోయిందో దాచకుంట చెప్పినందుకే పెద్దలు మెచ్చుకున్నరు. చెడిపోయిన కాడనే అసలు నేర్చుకునేది ఉన్నదన్నరు. మీ ప్రిన్సిపల్ మేడం నా పక్కనే ఉండె. "సీటు గురించి ఇంక మీటింగు దండుగ" అన్నది.

ఈ ముచ్చట నీకు వేరే ఎవరన్న చెప్పే లోపల నేనే రాయాల్ననుకున్న. నీకు కష్టమైతదని తెలుసు. నాకు సంతోషంగ ఉంది, అది గూడ నీకు తెలుసు. ఈ రెండు ఒక్క ఉత్తరంల ఎట్ల రాయాల్నో తెల్వక ఇన్ని రోజులు పట్టింది.

క్రిస్మసుకు వస్త. నా మీద కోపముంటే వడ్డించేటప్పుడు చూపియ్యి.

అక్క


మెదక్,
18 జూన్ 2012

అసోసియేట్ ప్రొఫెసర్ సుమన అక్క దివ్య సముఖమునకు,

ప్రమోషన్ ముబారక్. ఈసారి సమోసాలు నువ్వు తెప్పిచ్చినవట, మీ కాలేజి సమోసాలామె మూడు తిన్నదట. ఎట్ల దిగినయో నేను అడగ.

చంద్రిక మేడం మొన్న ఎమ్మెస్సీకి పోయింది. ఆమె క్లాసులు నాకు వడ్డయి. పోయేటప్పుడు కార్డులు నాకిచ్చింది. పిల్లలకు చూపియ్యుండ్రి సార్, చెంచ గూడ ఇయ్యుండ్రి అన్నది. బస్ స్టాండు దాక పోయి ఎక్కిచ్చొచ్చిన. బస్సు కదిలినంక కుళ్ళిన. ముందుగల కుళ్ళితే బాగుండదని.

పేపరు అచ్చయి వచ్చింది. ఢిల్లీ నుంచి వచ్చే పత్రిక. మొదటి పేజిల ఆమె పేరు, నీ పేరు. నేను ఎక్కడున్ననో ఎతుక్కున్న. చివరికి వచ్చేముంగట 'లిమిటేషన్స్' అని ఒక ముక్క ఉంటది గదా, ఈ పరిశోధనల లోపాలేంది అని రాసుకునేది. ఆడున్న. కంట్రోల్ గ్రామంల తల్లులు మిస్టర్ జోయెల్ అనే ట్యూటరు ఉపన్యాసానికి గురికావడం ఈ పరిశోధన ప్రధాన లోపం అని రాసింది. గురికావడమట అక్కా. ఎండకు గురైనట్టు, వానకు గురైనట్టు. మూడో పేరు ఒద్దన్నందుకు నాకు మంచిగైంది.

అమ్మకు చూపిచ్చిన. ఇంగ్లిష్‌ల నా పేరు ఒక్కటి ఆమె చదువగలదు. దాని మీద వేలు వెట్టి, "ఢిల్లీల అచ్చయిందా కొడకా" అన్నది. అయిందమ్మా అన్న. అబద్ధమైతే కాదు గదా. ఆదివారం నాడు నాకు చెప్పకుంట కృతజ్ఞత కానుక కట్టింది. అయ్యగారు చర్చిల నిలబడి, సహోదరి సువార్తమ్మ కుమారుడు జోయెల్ పేరు ఢిల్లీ పత్రికల అచ్చయినందుకు దేవునికి స్తోత్రం అని గట్టిగ చదివిండు. ఎందుకు అచ్చయిందో చదువలే. అందరు ఎనక్కి తిరిగి నా దిక్కు చూసిన్రు. నేను తల వంచుకొని కూసున్న, వాళ్లు వినయమనుకున్నరు.

బయటికొచ్చినంక దవాఖాన మందుల రూముల పని చేసే జకరయ్య నా చెయ్యి పట్టుకున్నడు. "ముబారక్ సార్. మాకెక్కడ వస్తయి సార్ గిసుంటియి. పోయినేడు నా ఫొటో గూడ జిల్లా పేపర్ల వచ్చేదుండె, జాగ లేదని తీసేసిన్రు" అని నవ్విండు. ఆ నవ్వు నాకు మస్తు ఎరుకే. పండ్లు కనబడ్తయి, కండ్లు నవ్వవు. ఏడాదిన్నర పొద్దుగాల పొద్దుగాల చంద్రిక మేడంకు నేను నవ్విన నవ్వది.

లిమిటేషన్స్ అంటే ఏందో ఆయనకు చెప్దామని నోరు తెరిచిన. ఒక్క మాట చెప్తే పాపం ఆయనకు పానం సల్లబడేది. చెప్పలే. నన్ను చూసి కుళ్ళిన మనిషి నా జన్మల ఆయనొక్కడే, ఇంత తొందరగ ఎట్ల పోగొట్టుకుందు.

"చాయ్ తాగుదాం రాండ్రి జకరయ్య సార్" అన్న. ఆయనే తాపిచ్చిండు.

మీ పరిశోధన లోపం,
జోయెల్